గ్రూపు యాత్రలో వాయిదాల డబ్బు: ఎవరి పేరున ఎంత జమ వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగు ఇళ్ల నుంచి తొమ్మిది మంది కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ వెళ్తున్నారు. ట్రావెల్స్ వాళ్లకు మొత్తం 2,10,000 కట్టాలి. బుకింగ్ అప్పుడు 30 శాతం, బయల్దేరడానికి 45 రోజుల ముందు 40 శాతం, 15 రోజుల ముందు మిగతా 30 శాతం. మొదటి వాయిదా 63,000ను తొమ్మిదితో భాగించి తలా 7,000 వేశారు. మీ పిన్నులిద్దరి వాటా అప్పటికి మీరే సర్దారు. ఇప్పుడు పెద్ద పిన్నిగారు ఏ వివరం చెప్పకుండా 40,000 పంపారు. సింగిల్ రూమ్ తీసుకున్న మీ మామయ్యగారు "అందరితో సమానంగానే కడతాను" అంటున్నారు. రెండో వాయిదా 84,000 ఎవరి నుంచి ఎంత తీసుకోవాలి?

మా బంధువుల్లోనూ కాలనీలోనూ యాత్రల లెక్కలు చాలా ఏళ్లుగా నేనే రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పేది ఒకటే. వచ్చిన ప్రతి రూపాయినీ మనిషి పేరున జమ వేయండి. గ్రూపు పేరున వద్దు, ఇంటి పేరున కూడా వద్దు. ఒక ఇంట్లో ముగ్గురుంటే మూడు వరుసలు రాయండి. యాత్ర మానుకునేది ఇల్లు కాదు, మనిషి. ఆ రోజు ఆ మనిషి పేరున ఎంత కట్టి ఉందో చెప్పలేకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

ముందు మీ లెక్క చూద్దాం. మీరు ఇచ్చిన ధరల ప్రకారం ఇద్దరు ఒక గదిలో ఉంటే పెద్దవాళ్లకు మనిషికి 24,000. అలాంటివాళ్లు ఆరుగురు: మీరిద్దరు, అన్నయ్యా వదినా, పిన్నులిద్దరు. అన్నయ్యగారి గదిలో ఎక్స్‌ట్రా బెడ్ మీద అమ్మగారికి 21,000. బెడ్ లేకుండా మీ ఎనిమిదేళ్ల బాబుకు 14,000. మామయ్యగారికి 31,000. మొత్తం 2,10,000 సరిపోయింది.

తలా సమానంగా వేయడం వల్ల ఏమవుతుందో బాబు వరుస చూస్తే తెలుస్తుంది. మొదటి వాయిదా 7,000, రెండోది కూడా సమానంగా వేస్తే 9,333. అంటే రెండో వాయిదాకే బాబు పేరున 16,333 పడుతుంది. వాడి టికెట్టు ధరే 14,000! అదే సమయానికి మామయ్యగారు 31,000లో సగం పైచిల్లర మాత్రమే కట్టి ఉంటారు. చివర్లో సరిచేసుకోవచ్చు అంటారు గానీ, ఆ మధ్యలో ఆయన ఏ కారణం చేతనో ఆగిపోతే క్యాన్సిలేషన్ ఛార్జీ ఆయన పూర్తి ధర మీద లెక్కేస్తారు. ఆయన కట్టింది చాలకపోతే ఆ తేడా గ్రూపు మీద పడుతుంది. అందుకే ఎవరి ధర ఎంతో అందులోనే 30, 40, 30 శాతం చొప్పున తీసుకోవాలి. మామయ్యగారికి ఇది మెల్లగా చెప్పండి. ఆయన సమానంగానే కడుతున్నారు, శాతంలో.

మొదటి వాయిదా ఇప్పటికే సమానంగా వేసేశారు కాబట్టి ఎవరికీ డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు, ఎవర్నీ విడిగా అడగక్కర్లేదు. రెండో వాయిదా అయ్యేసరికి ప్రతి ఒక్కరూ తమ ధరలో 70 శాతం కట్టి ఉండాలి. అందులోంచి ఇప్పటికి కట్టిన 7,000 తీసేస్తే ఈసారి అడగాల్సింది వస్తుంది. 24,000 వాళ్లకు 16,800లో 7,000 పోగా 9,800. అమ్మగారికి 7,700. బాబుకు 2,800. మామయ్యగారికి 14,700. కూడి చూడండి, సరిగ్గా 84,000 వస్తుంది. మూడో వాయిదా నుంచి అంతా గాడిలో పడుతుంది. వేరే ధరల్లో చిల్లర తేలితే వందకు సరిచేసి, చివరి వాయిదాలో "మొత్తం ధర మైనస్ ఇప్పటిదాకా కట్టింది" అని వేసుకుంటే పైసలతో సహా ముడిపడుతుంది.

ఇక పిన్నిగారి 40,000. ముందు ఫోన్ చేసి అడగండి: "పిన్నీ, ఇది మీ ఇద్దరిదా, లేక మీది పూర్తిగా కట్టి మిగతాది చిన్న పిన్నిదా?" ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఇద్దరిదీ అయితే, ముందు మీరు సర్దిన 14,000 మీకు తిరిగి రావాలి. తర్వాత రెండో వాయిదా ఇద్దరికీ కలిపి 19,600. ఇంకా 6,400 మిగులుతుంది, అది మూడో వాయిదా కింద చెరో 3,200. ఆఖరికి ఇద్దరూ కలిసి 8,000 కడితే చాలు. అలాకాక తనది 24,000 పూర్తిగా కట్టేశాను అన్నారనుకోండి, చిన్న పిన్నిగారి పేరున 16,000 ఉన్నట్టు. రెండో వాయిదా దాకా ఆవిడ కట్టి ఉండాల్సింది 16,800. ఇంకో 800 ఇప్పుడే అడగాలి.

పెద్ద పిన్నిగారు "నీకెలా తోస్తే అలా వేసుకో నాన్నా" అంటారు, మన ఇళ్లలో సాధారణంగా వచ్చే జవాబు అదే. అప్పుడు పాత బాకీ ముందు, కొత్తది తర్వాత, ఒకే తేదీ బాకీలైతే వాటి మొత్తాల దామాషాలో అని వేసుకోండి. ఇది నా సొంత పద్ధతి కాదు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో 59, 60, 61 సెక్షన్లు దీని గురించే ఉన్నాయి. కట్టినవాడు దేనికో చెబితే దానికే జమ వేయాలి. చెప్పకపోతే తీసుకున్నవాడు నిర్ణయించుకోవచ్చు. ఇద్దరూ తేల్చకపోతే తేదీల వరుసలో, ఒకే స్థాయి బాకీలైతే దామాషాలో. బంధువుల మధ్య చట్టం ఎందుకు అనకండి. రూలు ముందే ఉంటే ఎవరి మీదా అభిమానం చూపించినట్టు ఉండదు. జమ వేశాక ఒక మెసేజ్ పెట్టేయండి: "పెద్ద పిన్ని: ఇప్పటికి జమ ఇంత, బాకీ ఇంత. చిన్న పిన్ని: జమ ఇంత, బాకీ ఇంత." తర్వాత నెలలో జ్ఞాపకాలు కలవవు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. పిన్నిగారి 6,400 చేతిలో ఉంది కదా అని, ఇంకా కట్టని అన్నయ్యగారి వాటాకు దాన్ని వాడొద్దు. కొన్నేళ్ల కింద మా దూరపు బంధువు ఒకాయన నడిపిన కాశీ యాత్రకు మేం వెళ్లాం. మా అమ్మదీ నాదీ మొదటి నెలలోనే పూర్తిగా కట్టేశాం. వారణాసిలో లాడ్జి కౌంటర్ దగ్గర అందరి ఆధార్ జిరాక్సులూ తీసుకున్నారు, రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకున్నారు. తాళాలు ఇత్తడి బిళ్లలతో గోడకు వేలాడుతూ కనిపిస్తున్నాయి. కానీ ఇవ్వరు. "మీ గ్రూపు బ్యాలెన్స్ రాలేదు" అన్నారు. ముందు కట్టినవాళ్ల డబ్బు కట్టనివాళ్ల వాయిదాకు వెళ్లిపోయిందని అక్కడ తేలింది. ఏజెంటు పుస్తకంలో మా పేర్లే లేవు, గ్రూపు పేరుతో ఒకే అంకె ఉంది. మా అమ్మ సూట్‌కేసు మీద కూర్చుని "మనం కట్టేశాం కదా, ఎందుకు ఇవ్వట్లేదు" అని అడుగుతూనే ఉంది. నలుగురం ఏటీఎంకు పోయి తెచ్చి కడితే గానీ గదులు తెరవలేదు.

ఒకరి వాటా ఇంకొకరు సర్దాల్సి వస్తే సర్దండి, అది తప్పేం కాదు. కానీ అది మనిషి నుంచి మనిషికి అప్పు అని పేర్లతో, తేదీతో రాయండి, సర్దే మనిషిని అడిగి మరీ రాయండి. మీరు పిన్నులకు సర్దిన 14,000 అలాంటిదే. అది మీ వాయిదాగా మీ వరుసలో కనిపించకూడదు.

రద్దు సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. వసూలుకు శాతం మంచిది గానీ, తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మనిషి కోసం నిజంగా దేనికి ఖర్చయిందో చూడాలి. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. టికెట్లు 45 రోజుల ముందు కట్టే రెండో వాయిదా కంటే ముందే కొంటారు కాబట్టి మీ మొదటి వాయిదాలో చాలా భాగం రైలు టికెట్లకే పోయి ఉంటుంది. ఐదేళ్లు నిండి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్త్ తీసుకుంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి ఛార్జీయే. అంటే బాబు ధర తక్కువైనా వాడి రైలు ఖర్చు మీతో సమానం. ఏ వాయిదాలో రైలుకెంత, గదులకెంత, బండికెంత అని ట్రావెల్స్ వాళ్ల దగ్గర విడగొట్టి రాయించుకోండి. అడిగితే ఇస్తారు, చాలామంది అడగరు.

అమ్మగారికి ప్రయాణం కుదరకపోతే ఆవిడ కన్ఫర్మ్ టికెట్టును ఆవిడ కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒకరి పేరుకు మార్పించవచ్చు. రైలు బయల్దేరడానికి 24 గంటల ముందు, బంధుత్వం చూపే కాగితాలతో రిజర్వేషన్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. ఒక్కసారే మారుస్తారు. అప్పుడు ఆవిడ పేరున ఉన్న జమ కొత్త మనిషి వరుసకు యథాతథంగా వెళ్తుంది, వాళ్లిద్దరూ తర్వాత చూసుకుంటారు.

చిక్కు గది దగ్గర వస్తుంది. చిన్న పిన్నిగారు ఆగిపోతే పెద్ద పిన్నిగారి గది సింగిల్ అయిపోతుంది, 24,000 కాస్తా 31,000. ఆ 7,000 ఎవరిది? నా అభిప్రాయంలో ఆగిపోయినవాళ్లకు వచ్చే రీఫండ్‌లోంచి ముందు ఈ తేడా తీయాలి, మిగిలింది వాళ్లకివ్వాలి. మిగిలినవాళ్లు చేసిన తప్పేమీ లేదు కదా. ఆరోగ్యం బాగోలేక ఆగినవాళ్ల విషయంలో గ్రూపంతా పంచుకుంటామంటే అదీ మంచిదే, అయితే ఆ మాట ఇప్పుడే అనుకోవాలి. టెంపో ట్రావెలర్ అద్దె తలలతో సంబంధం లేకుండా ఒకటే కాబట్టి దానికీ ఇదే వర్తిస్తుంది. మధ్యలో ధర పెరిగిందని ఏజెంటు చెబితే, దేని ధర పెరిగిందో కనుక్కుని ఆ భాగాన్నే చివరి వాయిదాలో కలపండి. పాత వాయిదాలు తిరగరాయొద్దు.

వసూలు తేదీ ట్రావెల్స్ వాళ్ల తేదీకి నాలుగైదు రోజుల ముందు పెట్టుకోండి. జీతాలు, పింఛన్లు నెల మొదట్లో వస్తాయి కాబట్టి ఏడో తారీఖు అనుకూలం. పంట డబ్బు మీద ఆధారపడ్డవాళ్లుంటే వాళ్లనే తేదీ చెప్పమనండి, అప్పటిదాకా ఎవరు సర్దుతారో కూడా వాళ్లే చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో తేదీ మాత్రమే పెట్టండి. ఎవరి బాకీ ఎంతో వాళ్లకే విడిగా పంపండి. పెద్దవాళ్ల బాకీలు పదిమందిలో పెడితే డబ్బు వస్తుందేమో గానీ మనసు నొచ్చుకుంటుంది. డబ్బు పంపేటప్పుడు ఫోన్‌పే నోట్‌లో "అమ్మ, రెండో వాయిదా" అని రాయమనండి. యూపీఐలో మనిషి నుంచి మనిషికి మామూలుగా రోజుకు లక్ష దాకానే వెళ్తుంది, మీకది చాలు. ఇంటి ఈఎంఐలు కట్ అయ్యే అకౌంట్లో మాత్రం ఈ డబ్బు పెట్టకండి. గయలో పిండప్రదానం దక్షిణలు, త్రివేణి దగ్గర పడవ ఖర్చు ఈ వాయిదాల్లో కలపొద్దు, వాటికి వేరే పుస్తకం.

ఒకవేళ మళ్లీ ఎప్పుడైనా సింగపూర్ లాంటి విదేశీ ప్యాకేజీ తీసుకుంటే, దాని మీద ట్రావెల్స్ వాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను (టీసీఎస్) ఎవరి పాన్ ఇస్తే వాళ్ల ఖాతాలోనే చూపిస్తుంది. ఒక్కరే అందరి తరఫున కడితే మిగతావాళ్లు దాన్ని రిటర్న్‌లో తీసుకోవడం కష్టమవుతుంది. అక్కడ ఇంటికొక ఇన్వాయిస్ అడగండి.

84,000 పంపే ముందు ట్రావెల్స్ వాళ్లకు తొమ్మిది పేర్లతో ఒక మెయిల్ పెట్టండి: ఈ మనిషికి ధర ఇంత, మొదటి వాయిదా ఇంత, ఇప్పుడు పంపేది ఇంత. రసీదు ఆ పేర్లతోనే ఇవ్వమనండి. వాళ్ల జవాబు వచ్చాకే ట్రాన్స్‌ఫర్ చేయండి. మామయ్యగారు ఇంకా ఒప్పుకోకపోతే పైన రాసిన 16,333 లెక్క ఆయనకు చూపించండి, బాబు పేరు చెప్పి.