వాలు చేనుకు కాంటూర్ గట్టు ఎందుకు?

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా, నాలుగెకరాల ఎర్రనేల, చేను వాలుగా ఉంటుంది. కాంటూర్ గట్లు వేసుకోమంటున్నారు. మా పాప చూసే మేకప్ వీడియోల్లో కూడా కాంటూర్ అనే అంటారు. అసలు కాంటూర్ అంటే ఏంటి, సరిహద్దు గట్టు ఉంది కదా, అది చాలదా?

జవాబు: చాలదండి. సరిహద్దు గట్టు పొలం హద్దును బట్టి తిన్నగా పోతుంది, ఎత్తుపల్లాలు చూసి వేసింది కాదు, అందుకే గట్టి వాన పడితే నీళ్లన్నీ దాని వెంటే పారి పల్లం దగ్గర చేరి గండి కొడతాయి, దాంతో పైమట్టి కూడా పోతుంది.

కాంటూర్ అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ పోయే గీత. చెరువు నిండినప్పుడు నీటి అంచు గుట్టల పక్కన మెలికలు తిరుగుతుంది చూడండి, అదే కాంటూర్. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపుల్లో, గోధుమరంగు గీతలు ఇవే, 1:50,000 స్కేలు షీట్లలో మామూలుగా 20 మీటర్ల ఎత్తుకొక గీత ఉంటుంది, గీతలు దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ వాలు ఎక్కువని అర్థం. 1774లో స్కాట్లాండ్‌లోని షిహాలియన్ కొండ దగ్గర భూమి సాంద్రత తేల్చడానికి కొలతలు మొదలుపెట్టారు, ఆ లెక్కలు చేసిన చార్లెస్ హట్టన్ కుప్పలకొద్దీ అంకెలతో తలమునకలై ఒకే ఎత్తున్న చోట్లని గీతలతో కలిపాడు, అంతే, కొండ ఆకారం కాగితం మీద కనపడింది. మేకప్‌లో మాత్రం ముదురు షేడ్ వేసి చెంప, దవడ ఆకారం తేలేలా చేయడాన్ని అంటారు, మన గట్టుకి దాంతో పనిలేదు.

గట్టు ఈ గీత వెంట వేస్తే అంతా ఒకే ఎత్తు కాబట్టి నీళ్లు ఒక పక్కకి పారకుండా ఎక్కడికక్కడ ఆగి ఇంకుతాయి. ఆ గీత పట్టడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు, మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ చాలు. రెండు కర్రలకు స్కేలు గుర్తులు పెట్టి, నీళ్లు నింపిన సన్నటి ట్యూబు చివర్లు వాటికి కట్టండి, లోపల గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఒక మనిషి నిలబడాలి, రెండోవాళ్లు కొంచెం దూరం పోయి పైకీ కిందికీ జరుగుతూ రెండు కర్రల్లోనూ నీళ్లు ఒకే గుర్తు దగ్గర ఆగినచోట మేకు కొట్టాలి. అలా మేకులన్నీ కలిపితే వంకర్లు తిరిగిన గీత వస్తుంది, ట్రాక్టర్ తిరగడానికి ఇబ్బందని దాన్ని తిన్నగా చేసేయకండి, చిన్న వంపులు సరిచేసుకోవచ్చు కానీ పెద్దవి వదిలేయాలి. విత్తే సాళ్లు కూడా ఆ గట్టు వెంటే వేయండి, గట్టుకే వదిలేస్తే సగం పనే. ఎక్కువైన నీళ్లు పోవడానికి ఒకచోట రాళ్లు పేర్చి దారి పెట్టండి.

ఎర్రనేల, వాన తక్కువ, కాబట్టి మీకిది బాగా కుదురుతుంది. నల్లరేగడి ఉన్నవాళ్లు మాత్రం ఇలాగే చేయకండి, అక్కడ నీళ్లు తొందరగా ఇంకవు, గట్టు దగ్గర నిలిచి పంట దెబ్బతింటుంది, అందుకే కొద్దిగా వాలు ఇచ్చి నీళ్లు మెల్లగా వంకలోకి పోయేలా వేసుకోవాలి.