పైథానా, రస్టా? ఐదేళ్ల తర్వాత ఏది నిలుస్తుందో తెలియనప్పుడు

మీ టీమ్‌లో ముగ్గురు, ఇద్దరికి పైథాన్ బాగా వచ్చు, మూడో ఆయన రస్ట్ అంటున్నారు, ప్రాజెక్టుకి ఇప్పుడు ఎంచుకున్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రేపు మూలన పడితే ఎలా అని కదా మీ భయం. నేను రెండుసార్లు దెబ్బ తిన్నాను. గట్టిగా తగిలింది మాత్రం పాపులర్ లాంగ్వేజ్‌తోనే.

2013లో ఒక వెబ్ ప్రాజెక్టుకి పట్టుబట్టి మరీ కాఫీస్క్రిప్ట్ అనే లాంగ్వేజ్ పెట్టించాను. బ్రాకెట్ల గోల లేదు, కోడ్ ముద్దుగా ఉండేది. 2015లో క్లాసులు, యారో ఫంక్షన్లు లాంటి దాని సౌకర్యాలు బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్‌లోకే వచ్చేశాయి. ఇక కాఫీస్క్రిప్ట్ మొహం చూసేవాళ్లు తగ్గిపోయారు. కొత్తగా చేరిన కుర్రాడు ఫైల్ తెరిచి "ఇదేం లాంగ్వేజ్ అన్నా?" అన్నాడు. టెన్షన్ పడ్డాను కానీ, అది ఎలాగూ జావాస్క్రిప్ట్‌గా మారాకే నడిచేది. డీకాఫినేట్ అనే టూల్‌తో ఫైళ్లన్నీ మార్చేశాం. ఫంక్షన్ల చివర అక్కర్లేని రిటర్న్‌లు మిగిలితే, తీరిక దొరికినప్పుడల్లా ఏరుకున్నాం. అంతటితో సరి.

రెండోది పైథాన్ 2. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో, 2కి సపోర్ట్ ఆగింది 2020 జనవరి 1న. పదకొండేళ్ల గడువున్నా చివరి ఏడాది దాకా మేం కదల్లేకపోయాం. మేం వాడే చిన్న లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఒకటి 3కి రాలేదు. రాసినాయన ఎప్పుడో వదిలేశాడు. చివరికి ఆ భాగం మేమే రాసుకుని మారాం. 3లో ప్రింట్ అనే ఆదేశానికి బ్రాకెట్లు లేకపోతే వెంటనే ఎర్రర్ వస్తుంది, దొరికిపోతుంది. భాగహారం అలా కాదు. 7ని 2తో భాగిస్తే పాతదాంట్లో 3, కొత్తదాంట్లో 3.5. ఎర్రరేమీ రాదు. రిపోర్టులో బ్యాచ్‌ల సంఖ్య మూడున్నర అని కనపడేదాకా మాకు తెలియనే లేదు. (టెస్టులు రాసి ఉండాల్సింది. రాయలేదు.)

రేపు ఏది వెలుగుతుందన్న జోస్యం నాకైతే చేతకాదు. గూగుల్ వాళ్ల డార్ట్ లాంగ్వేజ్ 2011లో వచ్చినప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు, తర్వాత దాంతో మొబైల్ యాప్‌లు కట్టే ఫ్లట్టర్ పుణ్యమా అని నిలబడింది. ఇలాంటివి ముందే ఎవరు చెప్పగలరు?

అందుకే మీ ప్రాజెక్టుకి తప్పనిసరైన నాలుగైదు లైబ్రరీల పేర్లు కాగితం మీద రాసుకోండి. డేటాబేస్ డ్రైవర్, లాగిన్, పీడీఎఫ్, ఏవైతే అవి. చివరి రిలీజ్ ఎప్పుడు, చూసుకునేది ఒక్కరా పదిమందా అన్నది చూడండి. గంట పని. పాత కోడ్ గురించి ఆ లాంగ్వేజ్ వాళ్ల పద్ధతేమిటో కూడా చూడండి. 2012లో 1.0 వెర్షన్‌తోనే గో అనే లాంగ్వేజ్ వాళ్లు, ఇప్పుడు రాసిన ప్రోగ్రాములు తర్వాతి 1.x వెర్షన్లలోనూ నడుస్తాయని మాటిచ్చారు. సర్వేల్లో ర్యాంకు కంటే నాకు ఆ మాటే ముఖ్యం. ఇంకొకటి, పైథాన్ పికిల్ లాంటి ఆ లాంగ్వేజ్‌కే అర్థమయ్యే ఫార్మాట్‌లో డేటా దాచకండి. మామూలు డేటాబేస్ టేబుళ్లలోనో, జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లోనో ఉంటే రేపు దేంతోనైనా చదువుకోవచ్చు.

మీ చోట నేనుంటే పైథాన్‌తోనే మొదలుపెడతాను. రస్ట్ అంటున్న మిత్రుడికి విడిగా నడిచే చిన్న టూల్ ఒకటి అప్పజెప్పండి, నచ్చకపోతే వారంలో తిరగరాసుకునేంత చిన్నది.