వూయువాన్ అన్హుయిదా, జియాంగ్షీదా? అక్కడికి వెళ్లి తెలుసుకున్నది

అడిగిన ప్రశ్న: "చైనాలో వూయువాన్ కౌంటీ జియాంగ్షీ ప్రావిన్స్‌లో ఉంది కదా, మరి అక్కడి ఇళ్లను హుయిజౌ ఇళ్లనీ, మనుషుల్ని హుయిజౌ వాళ్లనీ ఎందుకంటారు? రాజవంశాల కాలం నుంచి ఆ కౌంటీ పాలన ఎలా మారింది?"

నేను జియాంగ్షీ రాజధాని నాన్‌చాంగ్‌లో ఎంబీబీఎస్ చదివాను. 2016 మార్చిలో ఆవపూల సీజన్‌లో క్లాస్‌మేట్లతో కలిసి వూయువాన్ వెళ్లాను. ఆ తర్వాత పూల కోసం కాదు, మీరు అడిగిన ఈ ప్రశ్న కోసమే ఇంకోసారి వెళ్లాను. మాది కూనవరం. 1959 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత ఖమ్మం, 2014లో మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మా ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. అందుకే వూయువాన్‌లో మేం దిగిన ఇంటి పెద్దాయన "మేం జియాంగ్షీ వాళ్లం కాదమ్మా, హుయిజౌ వాళ్లం" అన్నప్పుడు నాకు వెంటనే అర్థమైంది. మిగతా వాళ్లకు అది వింతగా అనిపించింది.

మొదలు నుంచి చెబుతాను. వూయువాన్ కౌంటీగా పుట్టింది 740లో, తాంగ్ వంశం కాలంలో. అంతకు కొన్నేళ్ల ముందు ఆ కొండల్లో హోంగ్ జెన్ అనే అతను తిరుగుబాటు చేశాడు. అణచడానికి చాలా కష్టపడ్డారు. కొండల నడుమ ప్రభుత్వ మనిషి ఒకడు కూర్చోకపోతే కుదరదని ఒకవైపు షియూనింగ్ కౌంటీ నుంచి, మరోవైపు లెపింగ్ కౌంటీ నుంచి కొంత నేల తీసి కొత్త కౌంటీ చేశారు. షియూనింగ్ ఇప్పుడు అన్హుయిలో ఉంది, లెపింగ్ జియాంగ్షీలో ఉంది. అంటే ఈ రెండు వైపుల లాగులాట పుట్టుకలోనే ఉంది. కౌంటీ ఆఫీసు మొదట చింగ్‌హ్వా అనే ఊళ్లో ఉండేది. 901లో దాన్ని ఇప్పుడు పట్టణం ఉన్న చోటికి మార్చారు. చింగ్‌హ్వాలో పాత కప్పు వంతెన ఒకటి ఉంది, దాని కోసమైనా వెళ్లండి.

అప్పుడు పైన ఉన్న ప్రిఫెక్చర్ (కొన్ని కౌంటీల మీద ఉండే పాలనా విభాగం) పేరు షెజౌ. సోంగ్ వంశం కాలంలో, 1120లో, ఫాంగ్ లా తిరుగుబాటు ఆ ప్రాంతమంతా కుదిపేసింది. దాన్ని అణచిన తర్వాత 1121లో షెజౌ పేరు తీసేసి హుయిజౌ అని పెట్టారు. ఆ పేరు ఎనిమిది వందల ఏళ్లకు పైగా నిలిచింది. దాని కింద ఆరు కౌంటీలు: షె, షియూనింగ్, వూయువాన్, చీమెన్, యీ, జీషీ. హుయిజౌ వర్తకులు, తెల్లగోడలూ నల్లపెంకులూ ఉన్న ఇళ్లు, వాళ్ల ప్రత్యేకమైన యాస, అన్నీ ఈ ఆరింటివీ.

యువాన్ కాలంలో చిన్న మార్పు జరిగింది. దక్షిణాన ఇళ్ల సంఖ్య 40,000 దాటిన కౌంటీలను 1295లో 'జౌ' స్థాయికి, అంటే కౌంటీ కంటే ఒక మెట్టు పైకి, పెంచారు. వూయువాన్ కూడా పెరిగింది. మింగ్ వంశం వచ్చాక 1369లో మళ్లీ కౌంటీ చేసేశారు.

మింగ్ కాలంలో నాకు బాగా పట్టుకున్నది పట్టు పన్ను గొడవ. పైన ఖజానా లెక్కల్లో ఆ పన్ను మొత్తం హుయిజౌ పేరు మీద ఉంది. ఏటా 6,000 లియాంగ్‌ల పైచిలుకు వెండి, లియాంగ్ అంటే దాదాపు 37 గ్రాములు. కానీ తరతరాలుగా కడుతున్నది షె కౌంటీ ఒక్కటే. 1570 ప్రాంతంలో షె కౌంటీలో ఉండే ష్వై జియామో అనే లెక్కల మనిషి పాత రికార్డులు తిరగేసి ఈ సంగతి పట్టుకున్నాడు. ఆరు కౌంటీలకూ పంచమని అర్జీ పెట్టాడు. మిగతా ఐదూ ససేమిరా అన్నాయి. ఏళ్ల తరబడి నానిన ఆ వ్యవహారంలో 1577లో పన్ను పంచే ప్రయత్నం జరగగానే వూయువాన్‌లోనూ షియూనింగ్‌లోనూ జనం రోడ్డెక్కారు. వూయువాన్ వాళ్ల తరఫున ముందు నిలబడ్డ చెంగ్ రెన్‌చింగ్ అనే చదువుకున్నతనికి మరణశిక్ష వేశారు. అది అమలు కాలేదు. అతను జైల్లో కూర్చుని ఆ కేసు కాగితాలన్నీ ఒక పుస్తకంగా కూర్చాడు. ఇవాళ మనకు ఆ గొడవ ఇంత వివరంగా తెలిసిందంటే అందుకే. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెట్టండి. ఒక కొండ కౌంటీ జనం తమ పన్ను లెక్క కోసం అంత దూరం వెళ్లారంటే, వాళ్లకు కౌంటీ అంటే కాగితం మీద గీత కాదు.

చింగ్ కాలంలో కౌంటీ అధికారి పని గురించి ఒక మాట చెప్పాలి. పన్ను వసూలు, కేసుల విచారణ, దొంగల పని పట్టడం అన్నీ ఆయనవే. మన దగ్గర తహసీల్దారు, జడ్జి, పోలీసు అధికారి ముగ్గురూ చేసే పని ఒక్కడే చేసేవాడు. పైగా ఆయన సొంత ప్రావిన్స్‌లో పనిచేయకూడదని నియమం. కొన్నేళ్లకే బదిలీ. అక్కడి యాస ఆయనకు అర్థమయ్యేది కాదు. అందుకని రోజువారీ పని ఆ ఊరి గుమాస్తాల చేతిలో, కులపెద్దల మాట మీద నడిచేది. ఇక్కడ కులం అంటే ఒకే ఇంటిపేరున్న వంశం. వూయువాన్ పల్లెల్లో పెద్ద పెద్ద వంశ మందిరాలు ఎందుకున్నాయో ఇది తెలిశాకే నాకు అర్థమైంది.

1667లో పాత జియాంగ్‌నాన్ ప్రావిన్స్‌ను విడదీసినప్పుడు అన్హుయి ఏర్పడింది. ఆన్‌చింగ్‌లోని 'ఆన్', హుయిజౌలోని 'హుయి' కలిపితే అన్హుయి. అంటే ప్రావిన్స్ పేరులో సగం వీళ్లదే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగింది వాళ్లకు ఎంత బాధ కలిగించిందో తెలుస్తుంది.

1934లో, అప్పట్లో చైనాను ఏలుతున్న చియాంగ్ కై షేక్ ప్రభుత్వం జియాంగ్షీలోని కమ్యూనిస్టుల మీద సైనిక చర్య జరుపుతూ, సరిహద్దులో ఉన్న వూయువాన్‌ను అన్హుయి నుంచి తీసి జియాంగ్షీలో కలిపింది. ఒక రకంగా చూస్తే మ్యాప్‌లో అర్థం ఉంది. వూయువాన్ వాగులు పారేది జియాంగ్షీలోని పోయాంగ్ సరస్సుకే. కానీ మనుషుల రాకపోకలు, పెళ్లిళ్లు, వ్యాపారం, యాస కొండ దాటి హుయిజౌ వైపే. తిరిగి అన్హుయిలో కలపమని ఉద్యమం మొదలైంది. పక్కనే ఉన్న జీషీకి చెందిన హూ షీ కూడా గట్టిగా వాదించాడు. ఆయన అప్పటికి పెకింగ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు. 1947లో వూయువాన్ అన్హుయికి తిరిగి వచ్చింది. మేం దిగిన ఇంటి పెద్దాయనకు అప్పుడు పదేళ్లట. ఆ రోజు టపాకాయలు కాల్చిన సంగతి నిన్న జరిగినట్టు చెప్పాడు. రెండేళ్లే. 1949లో కమ్యూనిస్టు సైన్యం వచ్చాక మళ్లీ జియాంగ్షీలో కలిపారు. అప్పటి నుంచి అక్కడే ఉంది, ఇప్పుడు షాంగ్‌రావ్ నగరం కింద.

ఈ 1949 మార్పును ఆయన తప్పుపట్టలేదు, మెచ్చుకోనూ లేదు. "అప్పుడు ఎవరడుగుతారు?" అన్నాడంతే. మా మండలాలు మారినప్పుడు మా అమ్మమ్మ కూడా అచ్చం ఇదే మాట అంది. ఆ పూట నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

1987లో హుయిజౌ అనే పేరు కూడా పోయింది. పక్కనున్న ప్రసిద్ధ పర్వతం పేరుతో దాన్ని హువాంగ్‌షాన్ నగరం చేశారు. జీషీని షువాన్‌చెంగ్ వైపు కలిపారు. అంటే పాత ఆరు కౌంటీలు ఇప్పుడు మూడు చోట్ల, రెండు ప్రావిన్స్‌లలో ఉన్నాయి. పాత పేరు తిరిగి పెట్టమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా అభిప్రాయంలో వాళ్లది న్యాయమైన కోరిక.

మీరు సొంతంగా చదవాలనుకుంటే ఒక చిట్కా. పాత శాసనాల్లో, వంశవృక్షాల్లో 'షిన్‌ఆన్' అని కనిపిస్తే కంగారు పడకండి, అది కూడా హుయిజౌ ప్రాంతానికే ఇంకా పాత పేరు. పెద్దాయన తమ వంశం పుస్తకం తీసి చూపించినప్పుడు మొదటి పేజీలో ఉన్నది అదే. ఆయన గుర్తింపు కార్డు మీద మాత్రం జియాంగ్షీ, షాంగ్‌రావ్ అని ఉంది. వూయువాన్ వాళ్లు తమవాడిగా చెప్పుకునే తత్వవేత్త జూ షీ నిజానికి 1130లో ఫుజియాన్‌లో పుట్టాడు. ఆయన తండ్రిది వూయువాన్. ఆయన పూర్వీకుల సమాధులు చూడటానికి 1150లో, 1176లో ఇక్కడికి వచ్చాడు. అలాంటి మనిషి తన రచనల కింద సంతకం చేసినప్పుడు పేరు ముందు రాసుకున్నది పుట్టిన ఫుజియాన్ ఊరు కాదు. 'షిన్‌ఆన్ జూ షీ' అని రాసుకున్నాడు.