లైసెన్సు, బీమా లేని బండి ఢీకొట్టింది. ముప్పై వేలకు రాజీ పడాలా?

ఖమ్మం వెళ్తుండగా ట్రాలీ ఆటో ఒకటి మీ కారును ఢీకొట్టిందని, మీ నాన్నగారి కాలి ఎముక విరిగిందని, నడిపిన అబ్బాయికి లైసెన్సు గాని ఆ బండికి బీమా గాని లేవని, ఇప్పుడు వాళ్లు ముప్పై వేలు చేతిలో పెట్టి కేసు వద్దంటున్నారని రాశారు. తీసుకోవద్దనే నా సమాధానం. నేను న్యాయవాదిని కాను. అయితే 2022 జులైలో నార్కట్‌పల్లి దాటాక సర్వీసు రోడ్డు మీద నుంచి అడ్డంగా దూసుకొచ్చిన ఇలాంటి బండే మా కారును గుద్ది, మా ఆవిడ మణికట్టు విరగ్గొట్టింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు తిరిగిన తిరుగుడులో నేర్చుకున్నది చెబుతున్నాను.

మా విషయంలో బండి నడిపినవాడికి పందొమ్మిదేళ్లు. బండి వాళ్ల మేనమామది. పావుగంటలో ఆ మేనమామ మోటారు సైకిల్ మీద వచ్చి, మా కారు బానెట్ మీద తెల్లకాగితం పరిచి, దాని మీద ఐదు వందల నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "పోరగాడు తెల్వక నడిపిండు సారూ, కేసు గీసు వద్దు, ఈడ సంతకం పెట్టుండ్రి" అన్నాడు. మా ఆవిడ చెయ్యి అప్పటికే వాచిపోయింది గాని, ఎముక విరిగిందని అప్పటికి ఎవరికీ తెలియదు. "నాకు, వారికి ఎటువంటి లావాదేవీ లేదు" అని సంతకం పెట్టి ఉంటే, తర్వాత కోర్టులో ఎదుటి పక్షం వకీలు మొదట చూపించేది ఆ కాగితమే.

చాలామంది లైసెన్సు లేకపోవడాన్ని, బీమా లేకపోవడాన్ని ఒకే గాటన కడతారు. బాధితుడి వైపు నుంచి చూస్తే ఈ రెంటికీ చాలా తేడా ఉంది. బండికి బీమా ఉండి, నడిపినవాడికి లైసెన్సు లేకపోతే, బీమా కంపెనీ ముందు బాధితుడికి పరిహారం చెల్లించి, ఆ సొమ్మును తర్వాత యజమాని దగ్గర రాబట్టుకునే మార్గాన్ని సుప్రీంకోర్టు 2004లోనే స్పష్టం చేసింది. బీమాయే లేనప్పుడు ఆ కంపెనీ ఉండదు. మిగిలేది యజమాని, నడిపినవాడు, పోలీసు స్టేషన్ ఆవరణలో నిలిపిన ఆ బండి. ఈ మూడింటిలో నమ్మదగినది బండి ఒక్కటే. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మా న్యాయవాది గుమాస్తా టీ తాగుతూ యథాలాపంగా అన్న మాట వల్ల తెలిసింది.

బీమా లేని బండి వల్ల ఎవరైనా గాయపడినా చనిపోయినా, యజమాని తగిన పూచీ ఇవ్వకుండా ఆ బండిని విడుదల చేయకూడదని, పూచీ ఇవ్వకపోతే మూడు నెలల తర్వాత దాన్ని వేలం వేసి ఆ సొమ్మును మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో జమ చేసేలా అన్ని రాష్ట్రాలూ నిబంధనలు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2018లో ఆదేశించింది. అయితే ఇది దానంతట అదే జరిగిపోదు. బండిని విడిపించుకోవడానికి యజమాని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసుకుంటాడు. ఆ రోజు మన తరఫున ఎవరూ నిలబడకపోతే సొంత పూచీకత్తు మీద బండి బయటికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. మా న్యాయవాది ముందే అభ్యంతరం దాఖలు చేసి, బీమా లేదని చూపించడంతో, రెండు లక్షల రూపాయలకు బ్యాంకు డిపాజిట్ రసీదు కట్టాకే బండిని ఇవ్వాలని కోర్టు చెప్పింది. అప్పటిదాకా మా ఫోను ఎత్తని మేనమామ ఆ సాయంత్రమే తనంతట తాను ఫోను చేశాడు.

బండి ఎవరి పేరున ఉందో కూడా తప్పకుండా చూడండి. మా కేసులో ఆర్సీ ఇంకొకరి పేరున ఉంది. ఆయన రెండేళ్ల కిందటే సేల్ లెటర్ మీద అమ్మేశాడు, పేరు మార్పిడి మాత్రం జరగలేదు. "అమ్మిన బండితో నాకేం పని?" అని ఆయన గట్టిగానే వాదించాడు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లోనే సుప్రీంకోర్టు మరో తీర్పులో చెప్పి ఉండటంతో ఆ వాదన నిలవలేదు. నిజానికి మాకు మేలు చేసింది ఆయన కోపమే. తన మెడకు చుట్టుకుంటుందని తెలిశాక, కొన్నవాడి వెంటపడి డబ్బు కట్టించినవాడు ఆయనే. (సేల్ లెటర్ మీద బండి అమ్మి ఊరుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, ఈ వారమే ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి రావడం మంచిది.)

సాక్ష్యం విషయంలో రెండు మోసాలు గమనించాలి. ఒకటి, నడిపిన మనిషిని మార్చడం. మరునాడు స్టేషన్‌కు లైసెన్సు ఉన్న ఒక నడివయసు వ్యక్తి వచ్చి తానే నడిపానన్నాడు. ప్రమాదం జరిగిన నిమిషంలో మా తమ్ముడు తీసిన ఫోటోలో, స్టీరింగు పట్టుకుని బిత్తరపోయి కూర్చున్న కుర్రవాడు స్పష్టంగా కనిపించడంతో ఆ కథ అక్కడితో ఆగింది. రెండోది, ప్రమాదం జరిగాక హడావుడిగా పాలసీ కొని, ముందే ఉందని చూపించడం. పాలసీ పత్రం మీద అది అమల్లోకి వచ్చిన తేదీ, సమయం ఉంటాయి కాబట్టి దాన్ని పట్టుకోవచ్చు. అయినా ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, బీమా గడువు ఎప్పుడు ముగిసిందో చూపే తెరను తేదీ, సమయం కనబడేలా భద్రపరచుకోండి.

పరిహారం లెక్కకు వస్తే, ముప్పై వేలు ఎంత తక్కువో మీరే చూడండి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయానికి, ఎవరి తప్పో రుజువు చేయనవసరం లేకుండానే, రెండున్నర లక్షలు ఇవ్వాలి. బీమా లేకపోతే ఆ బాధ్యత యజమానిదే. ఎముక విరగడం తీవ్ర గాయమే. వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, శాశ్వత వైకల్యం కలిపితే అంతకు మించుతుందనుకుంటే 166వ సెక్షన్ కింద వెళ్లాలి. అక్కడ ఎదుటివారి నిర్లక్ష్యం నిరూపించాలి. ఏది మేలో మీ న్యాయవాదితో లెక్క వేయించుకోండి. 166 కింద దరఖాస్తుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు చట్టంలో ఉంది కనుక జాప్యం వద్దు. ప్రమాదం జరిగిన చోటే వేయాలనే నియమం లేదు, మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. లైసెన్సు లేనందుకు ఐదు వేలు, బీమా లేనందుకు రెండు వేలు అంటూ చట్టంలో ఉన్న జరిమానాలు ఖజానాకు చేరేవే, మన చేతికి రావు.

మీ కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే, ఎదుటివాడి కోసం ఆగకుండా మీ కంపెనీ దగ్గరే క్లెయిము పెట్టండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మరమ్మతు ఖర్చును కూడా ఆ యజమాని దగ్గరే రాబట్టాలి. మా కారుకు లక్షా పన్నెండు వేలు అయితే, ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగుదల తీసేసి ఎనభై నాలుగు వేలు ఇచ్చారు. మిగిలిన ఇరవై ఎనిమిది వేలను పరిహార దరఖాస్తులో చేర్చాం. నో క్లెయిమ్ బోనస్ పోయింది, దానికి చేసేదేమీ లేదు. ఆరోగ్య బీమావారు అసలు బిల్లులు తీసుకుంటారు కాబట్టి, ఇచ్చే ముందే ఆసుపత్రి ముద్రతో నకళ్లు తీసుకోండి. నాన్నగారి ఆసుపత్రి కాగితాల్లో రోడ్డు ప్రమాదం అని, తేదీ, సమయంతో సహా రాసి ఉందో లేదో సరిచూడండి.

రాజీ పడటం తప్పు కాదు. మేమూ చివరికి రాజీయే పడ్డాం, కాకపోతే లోక్ అదాలత్‌లో, రెండు లక్షల డెబ్బై ఐదు వేలకు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కోర్టులో ఉన్న రెండు లక్షల డిపాజిట్ ముందు మాకు వచ్చింది, మిగతాది మూడు వాయిదాల్లో ఇచ్చారు.

ప్రమాదం జరిగి తొమ్మిది రోజులైందని రాశారు. ఆ ట్రాలీ ఇంకా స్టేషన్‌లోనే ఉందా, విడుదలకు ఎవరైనా దరఖాస్తు పెట్టారా అన్నది రేపు ఉదయమే వెళ్లి కనుక్కోండి. ఎఫ్‌ఐఆర్ నకలు కూడా అప్పుడే అడిగి తెచ్చుకోవచ్చు.