భూమిలో దాచిన కార్బన్ డయాక్సైడ్‌తో కరెంటు తీయొచ్చా? నీళ్ళుండగా ఈ గ్యాసు దేనికి?

తీయొచ్చండి. భూమి లోపలి రాళ్ళ వేడిని పైకి మోసుకొచ్చే పని మామూలుగా నీళ్ళది, గాల్లోకి పోకుండా లోపల దాచిన కార్బన్ డయాక్సైడ్‌తోనూ ఆ పని చేయించొచ్చు. కానీ ముందు ఆ "గ్యాసు" అనే మాట పక్కన పెట్టండి.

కొన్నాళ్ళు హై ప్రెషర్ ల్యాబులో పనిచేశాను. సెల్లు అంటే ప్రెషర్ తట్టుకునే పిడికిలంత స్టీలు డబ్బా, దానికి రెండు సఫైర్ కిటికీలు, లోపల సగం దాకా ద్రవ కార్బన్ డయాక్సైడ్. మెల్లగా వేడి పెంచుతూ కూర్చున్నాను. 31 డిగ్రీలు దగ్గరపడేసరికి లోపలంతా మంచు కమ్మినట్టు మసకేసింది. మళ్ళీ తేటపడ్డాక చూస్తే ద్రవానికీ ఆవిరికీ మధ్య గీత మాయం! మీటరు 74 బార్లు చూపిస్తోంది, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి డెబ్భై రెట్ల పైమాటే. అప్పుడది ద్రవమూ కాదు, గ్యాసూ కాదు.

రెండు మూడు కిలోమీటర్ల లోతున ఉండేదీ ఈ అవతారమే. వేడి తగిలితే నీటికన్నా ఎన్నో రెట్లు ఉబ్బి తేలికవుతుంది. చల్లారిన బరువైన సరుకు ఒక బావిలో దిగుతుంటే, వేడెక్కింది ఇంకో బావిలో పైకి తన్నుకొస్తుంది. దారిలో టర్బైను తిప్పి, చల్లబడి మళ్ళీ కిందికే పోతుంది. పంపులు తినే కరెంటు చాలావరకు మిగులుతుంది. కిలోకి మోసే వేడి నీటికన్నా తక్కువే, కానీ పలచన కాబట్టి రాతి సందుల్లో చురుగ్గా పారుతుంది. వేడి నీళ్ళలా రాళ్ళలోని సిలికా అనే ఖనిజాన్ని కరిగించుకొచ్చి పైపులకు పట్టించే గొడవ కూడా పెద్దగా ఉండదు.

వేడి రాళ్ళను పగలగొట్టి, వాటిలో నీటికి బదులు దీన్ని తిప్పుదామని 2000లోనే అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబులో డోనల్డ్ బ్రౌన్ అన్నాడు. రాళ్ళు పగలగొట్టడం ఎందుకు, సహజంగా సందులున్న పొరల్లో ఎలాగూ దాస్తున్నదే వాడుకుందామని 2011లో మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి రాండాల్ఫ్, సార్ రాశారు. అంతే, దాచిన చోటల్లా పవర్ ప్లాంటే అన్నట్టు మాట్లాడేవాళ్ళు బయల్దేరారు. నార్వే వాళ్ళు స్లైప్నర్ అనే సముద్రపు గ్యాసు క్షేత్రం దగ్గర 1996 నుంచి చాలా ఏళ్ళు ఏటా దాదాపు 10 లక్షల టన్నులు సముద్రం అడుగున ఎక్కించారు. అయితే ఏం, అది కిలోమీటరు లోతు, అక్కడ వేడేదీ?

ఇంతకీ ఆ రోజు సంగతి పూర్తి చేయలేదు. ఇంటికెళ్ళే తొందరలో వాల్వు ఒక్కసారిగా తిప్పేశాను. సెల్లు విప్పి చూస్తే, లీకు కాకుండా సీలుగా వేసే రబ్బరు వలయం, అదే ఓ-రింగు, దాని నిండా పొక్కులు, రెండు చోట్ల చీలిక. రబ్బరులోకి ఇంకిన కార్బన్ డయాక్సైడ్ ప్రెషర్ పోగానే లోపలే ఉబ్బి చీల్చేసింది. మా సీనియర్ దాన్ని చూసి ఒక్క మాటా అనలేదు, కొత్త ఓ-రింగుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

అందుకే అంటాను, ఈ పథకానికి అసలు పరీక్ష వేడి దగ్గర కాదు, సీళ్ళ దగ్గర. పైగా కింది నుంచి వచ్చేదాంట్లో తడి ఉంటుంది. తడి కలిస్తే కార్బానిక్ ఆమ్లం, మామూలు స్టీలును తినేస్తుంది. బొమ్మల్లో టర్బైను మాత్రం ఎంత ముచ్చటగా గీస్తారో! బావి తలకు ఏ సీలు వేస్తారో ఒక్కడూ రాయడు.