చిన్నోడి మాటల గురించి

చెన్నై, అశోక్‌నగర్

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో "చిన్నోడికి ఆటిజం అన్నారు, ఏం మాట్లాడడు" అని నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక "అన్నీ సర్దుకుంటాయిలే" అని పెట్టేశాను. పదేళ్ళ కింద ఎవరైనా నాతో ఆ మాట అంటే ఒళ్ళు మండేది. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. మావాడికీ, అదే నా మనవడికీ, ఆటిజమే. ఇప్పుడు 13 ఏళ్ళొచ్చాయి. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి పోతే పగలంతా వాడితో ఉన్నది నేనే. ఆ చనువుతో కాస్త గట్టిగానే రాస్తాను, ఏమనుకోకు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. పోయిన ఆదివారం మీ ఇంట్లో గంటసేపు చూశాను. "ఇదేంటి నాన్నా? ఇది ఏం రంగు? కుక్క ఎలా అరుస్తుంది? అమ్మమ్మకి చెప్పు, ఏ ఫర్ ఏంటి?" నువ్వు, మీ ఆయన, ఎదురింటావిడ, చివరికి వీడియో కాల్‌లో గుంటూరు నుంచి మీ నాన్న కూడా. ఇంకా మూడు నిండని పిల్లాడికి పొద్దున లేచింది మొదలు వైవా పరీక్ష. వాడు మనందరికీ వీపు తిప్పి ఫ్యాన్ రెక్కలు చూస్తూ కూర్చున్నాడు. నేనైనా అదే చేసేదాన్ని.

అడగటం మానెయ్యి. ఒక వారం మానేసి చూడు. వాడు ఫ్యాన్ చూస్తుంటే నువ్వూ పక్కనే నేల మీద కూర్చుని ఫ్యాన్ చూడు. "ఫ్యాన్... గిరగిరా... ఆగింది" అను. ఊరుకో. వాడు బకెట్‌లో చెయ్యి పెడితే "నీళ్ళు. చల్లగా" అను. నీ మనసులో ఉన్న దాని పేరు చెబితే వాడికి ఎక్కదు, వాడి చూపు దేని మీదుందో దాని పేరు చెబితే ఎక్కుతుంది. "కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టి తిప్పకు. కొందరు పిల్లలు చూడకుండా ఉంటేనే బాగా వింటారు. మావాడు ఇప్పటికీ అంతే, నేను చెప్పేదంతా గోడ వైపు చూస్తూ వింటాడు, ఒక్క ముక్క వదలడు.

మాట చెప్పాక ఆగడం కూడా నేర్చుకోవాలి. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది, మన వంశంలో నోరు మూసుకుని ఉండటం ఎవరికీ చేతకాదు కదా. మనసులో పది లెక్కపెట్టుకో. ఆ పది చాలా పొడుగ్గా ఉంటుంది. వాడి లోపల మాట వెతుక్కోవడానికి ఆ టైమ్ కావాలి, మనం మూడుకే ఎగబడి ఇంకో మాట చెప్పేస్తాం.

నేను నేర్చుకున్నది ఉప్పుమూట ఆటలో. వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని "ఉప్పోయ్ ఉప్పు" అంటూ హాల్లోంచి బాల్కనీ దాకా నడిచేదాన్ని. రోజూ వంటింటి గడప దగ్గర ఆగిపోయేదాన్ని. మొదట్లో మడమతో నడుం మీద తన్నేవాడు. "పద!" అని నేనే వాడి తరఫున అని, కదిలేదాన్ని. ఆ తన్నుని నేను మాటగానే లెక్కేసుకున్నాను, ఎందుకంటే అందులో "ఇంకా కావాలి" ఉంది, నాకు చెబుతున్నానన్న ఎరుకా ఉంది. రెండు నెలలు అలా తన్నించుకున్నాను. ఒక సాయంత్రం గడప దగ్గర ఆగితే తన్ను రాలేదు. చెవి పక్కన వేడిగా ఊపిరి తగిలింది, "ప" అన్నాడు. "పద"లో సగం. ఆ రోజు ఎన్నిసార్లు బాల్కనీకి తిరిగానో. ఇప్పుడు నా మోకాళ్ళు ఒప్పుకోవు, మీ ఆయన్ని ఎక్కించుకోమను.

అందుకే నీకో పని. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, వాడు మాట లేకుండా నీకు ఏమేం చెబుతున్నాడో వారం పాటు రాయి. చెయ్యి పట్టి ఫ్రిజ్ దగ్గరికి లాగడం, చెప్పులు తెచ్చి నీ ఒళ్ళో పడేయడం, అన్నం గిన్నె తోసేయడం. "ఏం మాట్లాడడు" అన్నావు కదా, పేజీ నిండకపోతే నన్నడుగు.

ఇక నేను చేసిన తప్పు. అప్పట్లో మాకు తెలిసినాయన ఒకాయన "అమ్మయినా అడగందే పెట్టదు, మీరు అన్నీ చేతికి అందిస్తుంటే వాడెందుకు మాట్లాడతాడు" అన్నాడు. సామెత కదా, నిజమే అనిపించింది. మురుకుల డబ్బా పైన పట్టుకుని "మురుకు అను, అంటేనే" అని నిలబడ్డాను. వాడు ఎగిరాడు, ఏడ్చాడు, నేల మీద తల కొట్టుకున్నాడు. నేను ఇవ్వలేదు. మూడు రోజులు అదే కథ. ఆ తర్వాత వాడు వంటింట్లోకి రావడమే మానేశాడు. ఆకలేసినా నా దగ్గరికి రాలేదు, పదిహేను రోజులు. మాట నేర్పబోయి, ఉన్న అడగటాన్ని కూడా పోగొట్టాను. చెయ్యి చాపాడా, "మురుకు" అని ఇచ్చెయ్. కొంచెం ఇచ్చి ఆగు. మళ్ళీ చాపుతాడు. అంతకన్నా బిగించకు.

వాడు టీవీలో యాడ్ మాటలే వల్లిస్తున్నాడని దిగులుపడ్డావు. దాన్ని ఎకోలేలియా అంటారు. 1943లో అమెరికాలో కానర్ అనే డాక్టరు ఈ పిల్లల గురించి రాసినప్పుడే ఆ సంగతి రాశాడు. అర్థం లేని వల్లింపు అని కొట్టిపారెయ్యకు. మావాడు నాలుగేళ్ళప్పుడు పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో ఉన్నట్టుండి "అడుత్త నిలయం" అనేవాడు. మెట్రోలో తమిళంలో చెప్పే తరువాతి స్టేషన్ అనౌన్స్‌మెంట్. జనం నవ్వేవాళ్ళు. చాన్నాళ్ళకి వెలిగింది, వాడికి అక్కణ్ణించి వెళ్ళిపోవాలని. అప్పట్నుంచి వాడు అది అనగానే "వెళ్దాం, పద" అని లేచేదాన్ని. కొన్ని నెలలకి రెండూ కలిపి "అడుత్త నిలయం వెళ్దాం" అన్నాడు.

ఇంకోటి గమనించు. దాహమేస్తే మావాడు వచ్చి "నీకు నీళ్ళు కావాలా?" అనేవాడు. నీళ్ళు వచ్చినప్పుడల్లా విన్న వాక్యం అదే, దాన్ని ముద్దగా మింగాడు. "నీకు కాదురా, నాకు అనాలి" అని దిద్దితే ఇంకా గందరగోళం. గ్లాసు ఇచ్చేటప్పుడు నేనే వాడి బదులు "నాకు నీళ్ళు కావాలి" అనడం మొదలుపెట్టాను. సర్దుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పటికీ కోపమొస్తే "నీకు కోపం వచ్చిందా?" అంటాడు, నేను "నాకు కోపం వచ్చింది" అంటాను, పక్కవాళ్ళకి మా ఇద్దర్లో ఎవరికి కోపమో తెలీదు.

మాట మొదలైతే దానికి ఒకటే కలుపు. "బస్సు" అంటే "బస్సు వచ్చింది." పాఠం చెప్పకు.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారని తెలుగు మానేశారట. అది నాకు నచ్చలేదు. రెండు భాషల ఇంట్లో పెరిగినంత మాత్రాన ఈ పిల్లలకి మాట ఇంకా వెనకబడదని పరిశోధనలు చేసినవాళ్ళు చెబుతున్నారు. అదలా ఉంచు, ఇంగ్లీషులో నీకు వాడితో వచ్చేవి ఏంటి? కమ్, సిట్, ఈట్, నో. అన్నీ ఆర్డర్లే. నీ ముద్దు, నీ విసుగు, నీ దీర్ఘాలు తెలుగులో ఉన్నాయి. గుంటూరులో తాతతో వాడు ఏ భాషలో ఉంటాడు? బయట తమిళం వింటాడు, బడిలో ఇంగ్లీషు వింటాడు, విననీ. ఇంట్లో నీకు ఊపిరాడే భాష మాట్లాడు.

కావాల్సింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు ఇస్తే సోమరి అయిపోయి అసలు మాట్లాడడని భయపడుతున్నావు. నేనూ పడ్డాను, ఒక ఏడాది పోగొట్టాను. కార్డుల వల్ల మాట ఆగిపోతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు, కొందరికి ఇంకా ఊతమవుతుంది. వాడి స్టీలు గ్లాసు, వాడి చెప్పులు, మీ బాత్‌రూమ్ తలుపు, ఇవే ఫోటోలు తీసి లామినేట్ చేయించు. కార్టూన్ బొమ్మ మావాడికి అర్థమయ్యేది కాదు, తన గ్లాసు ఫోటో చూడగానే తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత టాబ్లెట్‌లో అవాజ్ పెట్టాం, బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది, ఈ చెన్నైలోనే తయారైన యాప్. మావాడు ఇప్పుడు చిన్న వాక్యాలు మాట్లాడతాడు, మనసు బాగోనప్పుడు నోరు రాదు, అప్పుడు టాబ్లెటే. నోటి మాట రాని పిల్లలూ ఉంటారు, అబద్ధం చెప్పను. వాళ్ళకీ చెప్పుకునే దారి ఒకటి కావాలి కదా.

బయటి పనులు గబగబా చెబుతాను. చెవి పరీక్ష చేయించలేదన్నావు, ఈ వారమే చేయించు. చాక్లెట్ కాగితం చప్పుడుకి వస్తాడు కదా అనుకోకు, మాటల ధ్వనులు వేరు. స్పీచ్ థెరపిస్టుకి ఆర్‌సీఐ, అంటే కేంద్రం పెట్టిన రిహాబిలిటేషన్ కౌన్సిల్, రిజిస్ట్రేషన్ ఉందా అడుగు, నిన్ను బయట కూర్చోబెట్టి తలుపేసుకునే చోటికి వెళ్ళకు. వారానికి రెండుసార్లు ముప్పావుగంట వాళ్ళది, మిగతాదంతా మీ ఇల్లే, కాబట్టి వాళ్ళు చేసేది నువ్వు చూడాలి. మీ షోళింగనల్లూరు నుంచి ముట్టుకాడు దగ్గరే, అక్కడ ఈసీఆర్ రోడ్డు మీద నీప్‌మెడ్ అని వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, వెళ్ళి చూపించు. యూడీఐడీ కార్డు, అదే ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, చేయించడానికి సిగ్గుపడకు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, అదీ కనుక్కో. ఆరు నెలల్లో మాట గ్యారంటీ అనేవాడికీ, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు అనేవాడికీ ఒక్క రూపాయి ఇవ్వకు.

మీ అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకించమంటున్నారట. ఇక్కడి నాటుమందుల కొట్లో దాని పేరే ఎత్తరు, "పేరు చెప్పని మందు" అంటారు. వాంతులు పట్టుకుంటాయని మా డాక్టరు కోప్పడ్డారు. ఆవిణ్ణి ఎదిరించకు, మా అత్తయ్య వద్దన్నారని నా మీదకి తోసెయ్. నీ వల్లే ఇలా అయిందని ఎవరైనా అంటే కూడా నా నంబరివ్వు.

వచ్చే ఆదివారం పదకొండింటికి వస్తాను. శనివారం రాత్రే వాడికి నా ఫోటో చూపించి "అమ్మమ్మ వస్తుంది" అను, పొద్దున మళ్ళీ చూపించు. ఆ ఫోటోలో ఉన్న పచ్చ చీరే కట్టుకొస్తాను. రాగానే ఎత్తుకోను, పలకరించను, ఫ్యాన్ కింద కూర్చుంటాను. వాణ్ణే రానీ. మురుకులు తెస్తున్నాను, డబ్బా కింద వాడికి అందే అరలో పెట్టు.

మీ అత్తయ్య