మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో మా పనిని యంత్రం ఎంతవరకు తీసుకుంది?

నైపుణ్యం అవసరమైన ఉద్యోగాల్లో మనుషుల బదులు యంత్రాలు సరిపోతాయా అని అడిగారు. హైదరాబాద్‌లో పదిహేనేళ్లు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసినదాన్ని కాబట్టి, మా పని సంగతి చెబుతాను.

2004లో అమీర్‌పేటలో శిక్షణ ముగించి నైట్ షిఫ్టులో చేరాను. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన డిక్టేషన్‌ను హెడ్‌ఫోన్స్‌లో వింటూ, కాలి కింది పెడల్‌తో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేసేవాళ్లం. ఖాళీలతో కలిపి 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కగట్టి డబ్బులిచ్చేవారు. కొన్నేళ్లకు స్పీచ్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది రాసిన డ్రాఫ్టును ఆడియో వింటూ దిద్దడమే మా పనైంది. లైను రేటు సగమైంది, మా సెక్షన్‌లో చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు. యంత్రం ఎవరి ఉద్యోగమూ తీసుకోదని అంటే నేను ఒప్పుకోను.

కానీ ఒక రాత్రి నా ముందుకు వచ్చిన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఒక రకం కీళ్లవాతం) రోగి డ్రాఫ్టులో 'మెథోట్రెక్సేట్ 50 మిల్లీగ్రాములు, వారానికి ఒకసారి' అని ఉంది. వాక్యంలో దోషం లేదు, మందు పేరు స్పెల్లింగు కూడా సరిగ్గానే ఉంది. అయితే ఆ జబ్బుకు ఆ మందు వారానికి 25 మిల్లీగ్రాములు దాటడం అరుదని తెలుసు కనుక నా చేయి ఆగింది. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. డాక్టర్ మాట చివర మింగేయడంతో ఫిఫ్టీనో, ఫిఫ్టీయో తేలలేదు. అంకె తీసేసి, ఖాళీ వదిలి, డాక్టర్‌ను అడగమని నోట్ పెట్టాను. మర్నాడు 15 అని జవాబు వచ్చింది.

వినపడనిది ఊహించి రాయకూడదు, ఖాళీ వదలాలి అన్నది శిక్షణలో మాకు నేర్పిన మొదటి పాఠం. మేం వాడిన సాఫ్ట్‌వేర్ ఖాళీ వదిలేది కాదు, తెలియని చోటా అంతే ధీమాగా రాసేది. దాని తప్పు ఒప్పులాగే కనిపిస్తుంది కాబట్టి దిద్దడం టైపు చేయడం కంటే కష్టం. ఆ పనికి సగం రేటు ఇవ్వడం నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

యంత్రాలే ఆ పని చేసేస్తాయి కాబట్టి రేడియాలజిస్టులకు, అంటే ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి చెప్పే డాక్టర్లకు, శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని 2016లో కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అన్నారు. రేడియాలజిస్టుల అవసరం నేటికీ తీరలేదు గానీ, శిక్షణ ఆపడమన్నది మా రంగంలో ఎవరూ అనకుండానే అమలైపోయింది. ఆ మందు 25 దాటడం అరుదన్న ఎరుక నాకు అలాంటి రిపోర్టులు వేలకొద్దీ అక్షరం అక్షరం టైపు చేయగా వచ్చింది. చివరి బ్యాచ్‌లలో చేరిన అమ్మాయిలను మొదటి రోజే దిద్దే పనిలో కూర్చోబెట్టారు. తెర మీద వాక్యం సిద్ధంగా ఉంటే చెవికి కూడా అదే వినిపిస్తుంది. అందుకని మొదటి మూడు నెలలు డ్రాఫ్టు చూడనివ్వకుండా, ఆడియో విని వాళ్ల చేతే టైపు చేయించేదాన్ని. లైన్ కౌంట్ పడిపోతోందని మేనేజర్ అభ్యంతరపెట్టడంతో రెండు బ్యాచ్‌ల తర్వాత అది ఆగిపోయింది.